పిడి చివర ఖాళీ రింగు: ఐరిష్ కత్తి నకలును సేకర్తలు అంతగా ఎందుకు మెచ్చుకుంటారు

క్లుప్తంగా

మధ్యయుగం చివరి దశలో ఐర్లాండ్‌లో వాడిన రింగు పిడి కత్తికి నాణ్యమైన నకలు తయారైతే, పాత ఆయుధాలు సేకరించేవాళ్ళలో దానికి చాలా గౌరవం దొరుకుతుంది. వేలల్లో చవక నకళ్ళు అమ్ముడయ్యే మార్కెట్లో ఈ ఒక్క రకానికి అంత విలువ ఏమిటన్నది కొత్తవాళ్ళకు అర్థం కాదు. కారణం కత్తి నిర్మాణంలోనే ఉంది. పిడి చివర బరువైన గుండు ఉన్న కత్తిలో అలుగు (నరికే పొడవాటి పలక) తయారీ లోపాన్ని కొంత కప్పిపెట్టవచ్చు. రింగు ఉన్న కత్తిలో అది కుదరదు. అసలు కత్తులు ప్రైవేటు చేతుల్లోకి దాదాపు రావు కాబట్టి, నకలు ఎంత నిజాయితీగా ఉందన్నదే సేకర్తలకు మిగిలిన కొలమానం.

ఏ కత్తి గురించి

ఈ కత్తిని గుర్తుపట్టడం తేలిక. సాధారణంగా యూరప్ కత్తుల్లో పిడి చివర బిళ్ళలాంటిదో, గుండులాంటిదో ఒక ఇనుప ముద్ద ఉంటుంది. ఐరిష్ కత్తిలో ఆ చోట గుండ్రటి రింగు ఉంటుంది, దాని మధ్య ఖాళీ. అలుగు నుంచి పిడిలోకి సాగే సన్నటి ఇనుప కాడ పిడి దాటి, ఆ ఖాళీలోంచి బయటికి కనిపిస్తూ వెళ్ళి, రింగు అవతలి అంచులో దిగుతుంది. అక్కడ దాని కొనను సుత్తితో కొట్టి బిగిస్తారు. చేతికి కాపుగా ఉండే అడ్డకమ్మి కొసలు విసనకర్రలా వెడల్పవుతాయి. కొన్నింటిలో ఆ కమ్మి ఒక కొస ఇటూ ఒక కొస అటూ వంగి ఉంటుంది. ఒంటిచేతి కత్తులూ ఉన్నాయి, రెండు చేతులకూ సరిపడే పొడవు పిడి ఉన్నవీ ఉన్నాయి.

వీటి కాలం ప్రధానంగా 15వ శతాబ్దం చివరి నుంచి 16వ శతాబ్దం వరకు. యూరప్ చరిత్ర పుస్తకాల లెక్కలో 16వ శతాబ్దం మధ్యయుగం కాదు. అయినా ఈ కత్తిని మధ్యయుగపు ఐరిష్ కత్తి అనడం పూర్తిగా తప్పు కాదు. ఐర్లాండ్‌లో స్థానిక గేలిక్ ప్రభువుల పాలన, వాళ్ళ సైన్య పద్ధతులు 1601లో కిన్సేల్ యుద్ధంలో ఓటమి, 1607లో ఉత్తరాది ప్రభువులు దేశం విడిచి వెళ్ళిపోవడం వరకూ సాగాయి. తుపాకులు వచ్చాక కూడా అక్కడ పాత పద్ధతి సైనికులు పాత ఆయుధాలతో పోరాడారు.

ఇక్కడే కొనేవాళ్ళను తికమకపెట్టే విషయం ఒకటుంది. సముద్రానికి అటువైపు, స్కాట్లాండ్ పడమటి తీరంలో మరో రకం కత్తి ఉండేది. దాని పిడి చివర మొగ్గల్లాంటి ఉబ్బులు ఉంటాయి, అడ్డకమ్మి రెండు కొసలూ అలుగు వైపు వాలి ఉంటాయి. అయోనా దీవిలోని సమాధి రాళ్ళ మీద ఈ ఆకారం చెక్కి కనిపిస్తుంది. దుకాణదారులు ఈ రెండింటినీ కలిపి ‘సెల్టిక్ కత్తి’ అని అమ్ముతారు. పైగా అలుగు మీద అల్లిక ముగ్గుల్లాంటి చెక్కడాలు పెడతారు. తెలిసిన రింగు పిడి కత్తులు అలా ఉండవు. వాటి అందం ఆకారంలో ఉంది, అలంకారం తక్కువ. అలుగు నిండా అల్లికలున్న కత్తి కనిపిస్తే అది తయారీదారు ఊహ అనుకోవచ్చు.

ఎవరు పట్టిన కత్తి

ఈ కత్తి పేరు ఎత్తగానే వచ్చే మాట గాలోగ్లాస్. పరాయి యోధుడు అని దీని అర్థం. వీళ్ళు స్కాట్లాండ్ పడమటి తీరం, హెబ్రిడీస్ దీవుల నుంచి వచ్చిన కిరాయి సైనికులు. నార్స్ (స్కాండినేవియా), గేలిక్ రక్తాలు కలిసిన కుటుంబాలవాళ్ళు. వీళ్ళ గురించి తరచూ చెప్పే తొలి రికార్డు 1259 నాటిది. ఐర్లాండ్ పడమటి ప్రాంతమైన కోనాక్ట్ రాజు ఫెలిమ్ ఓకానర్ కొడుకు ఏధ్, హెబ్రిడీస్ ప్రభువు కూతుర్ని పెళ్ళాడినప్పుడు ఆమెతో పాటు 160 మంది గాలోగ్లాస్ సైనికులు వచ్చారు. కట్నంగా వచ్చిన సైన్యం అది. తర్వాత మాక్‌స్వీనీ, మాక్‌డొనెల్, మాక్‌కేబ్, మాక్‌షీహీ లాంటి వంశాలు తరతరాలుగా ఇదే వృత్తిలో ఐర్లాండ్‌లో స్థిరపడ్డాయి.

ఆ ఫెలిమ్ రాజు 1265లో చనిపోయాడు. ఆయన సమాధి రాస్‌కామన్ ఆశ్రమంలో ఉంది. దాని కింద భాగంలో ఇప్పుడు కనిపించే 8 మంది గాలోగ్లాస్ సైనికుల శిల్పాలు ఆయన కాలానివి కావు, 15వ శతాబ్దపు మరో సమాధివి. వాళ్ళలో 7 మంది చేతుల్లో కత్తులున్నాయి, ఒక్కరి చేతిలోనే గొడ్డలి. గాలోగ్లాస్ అసలు ఆయుధం పొడవు కర్ర గొడ్డలి అని రాతపూర్వక ఆధారాలు చెబుతుంటే, శిల్పి కత్తికే ఎక్కువ చోటిచ్చాడు. గొడ్డలికి లేని హోదా అప్పటికే కత్తికి ఉందనుకోవాలి.

బొమ్మల ఆధారాలూ ఉన్నాయి. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1521లో ఐరిష్ సైనికులను, పేద రైతులను గీశాడు. బెర్లిన్‌లో ఉన్న ఆ చిత్రంలో ఒక సైనికుడి చేతిలో పెద్ద రెండు చేతుల కత్తి కనిపిస్తుంది. అయితే ఏ బొమ్మా అలుగు మందం చెప్పదు, బరువు చెప్పదు. నకలు చేసేవాడికి కావలసింది ఆ రెండే.

అసలు కత్తులు మార్కెట్లోకి ఎందుకు రావు

ఐర్లాండ్‌లో దొరికిన పాత కత్తుల్లో చాలా భాగం నదుల్లో, సరస్సుల్లో బయటపడ్డవే. షానన్, బాన్ లాంటి నదుల్లో పూడిక తీసినప్పుడు, కాలువలు లోతు చేసినప్పుడు ఇవి పైకి వచ్చాయి. నది అడుగున బురదలో గాలి సోకదు. తుప్పుకు ఆక్సిజన్ కావాలి కాబట్టి అలాంటి చోట ఇనుము శతాబ్దాల పాటు నిలుస్తుంది. అదే కత్తి మామూలు నేలలో పడి ఉంటే తుప్పు ముద్దగా మిగిలేది. పిడి మీద కర్ర, తోలు మాత్రం చాలా వాటికి మిగల్లేదు.

ఇలా దొరికినవి ఎక్కువగా డబ్లిన్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ ఐర్లాండ్ లాంటి సంస్థల్లో ఉన్నాయి. కొత్తగా దొరికితే ప్రైవేటు చేతికి వెళ్ళే దారి చట్టం మూసేసింది. 1980లో టిప్పరరీ కౌంటీలో డెరినాఫ్లాన్ దగ్గర మెటల్ డిటెక్టర్‌తో బయటపడ్డ చర్చి నిధి మీద హక్కు ఎవరిదన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రభుత్వానిదేనని కోర్టు తేల్చింది. 1987లో అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడటాన్ని నిషేధించారు. 1994 చట్టంతో, యజమాని తెలియని పురావస్తువు ఏది దొరికినా ప్రభుత్వ ఆస్తి అయింది. దొరికినవాళ్ళు 96 గంటల్లోగా తెలియజేయాలని ఆ చట్టం నియమం పెట్టింది.

దీని ఫలితం సేకర్తల ప్రపంచంలో స్పష్టంగా కనిపిస్తుంది. జపాన్ కత్తులు, 19వ శతాబ్దపు సైనిక కత్తులు కొనేవాళ్ళకు అసలు వస్తువు దొరుకుతుంది, నకలు వాళ్ళకు రెండో ఎంపిక. ఐరిష్ రింగు కత్తి ఇష్టపడేవాళ్ళకు నకలే దిక్కు. అందుకే దాన్ని వాళ్ళు బొమ్మగా చూడరు, అసలుకు దగ్గరగా తీసుకెళ్ళే ఏకైక దారిగా చూస్తారు. మెచ్చుకోలు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది, విమర్శ కూడా.

బరువు ఎంత అన్నది కాదు, ఎక్కడ ఉంది అన్నది

పాత కత్తులు చాలా బరువుగా ఉండేవన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. నిజానికి యూరప్ మధ్యయుగపు ఒంటిచేతి కత్తులు ఎక్కువగా 1 నుంచి 1.4 కిలోల మధ్య ఉంటాయి. చేతికి తెలిసేది మొత్తం బరువు కాదు, ఆ బరువు ఎక్కడ కూడి ఉందన్నది.

చిన్న లెక్కతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఈ అంకెలు ఏ మ్యూజియం కత్తివీ కావు, సూత్రం తెలియడానికి తీసుకున్నవి. 80 సెం.మీ. పొడవు, 4.5 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న ఉక్కు పట్టీ దాదాపు 1,410 గ్రాములు తూగుతుంది. దాన్ని రెండు అంచుల వైపు పల్చబడేలా, అడ్డంగా కోస్తే కన్ను ఆకారంలో కనిపించేలా అరగదీస్తే మూడో వంతు పోయి 940 గ్రాములు మిగులుతుంది. చవక నకళ్ళు చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి. ఫొటోలో ఇది కత్తిలాగే ఉంటుంది.

మధ్యయుగపు కమ్మరి ఇంకా ముందుకు వెళ్ళాడు. మొన వైపు వెళ్ళేకొద్దీ వెడల్పు 4.5 నుంచి 3 సెం.మీ.కు తగ్గించాడనుకుందాం. అది కంటికి కనిపిస్తుంది. మందం కూడా 5 నుంచి 2.5 మి.మీ.కు తగ్గించాడనుకుందాం. ఇది పక్క నుంచి చూస్తే తప్ప తెలియదు. ఈ రెండూ చేశాక బరువు 600 గ్రాములకు పడిపోతుంది. అసలు మేలు దీనికంటే పెద్దది. బరువు మూడో వంతు తగ్గితే, కత్తిని తిప్పడానికి అది చూపే ప్రతిఘటన సగానికి పైగా తగ్గుతుంది. తిరిగే వస్తువులో కేంద్రానికి దూరంగా ఉన్న ప్రతి గ్రామూ ఆ దూరపు వర్గంతో గుణించి లెక్కకొస్తుంది. మొన దగ్గర తీసేసిన 10 గ్రాములు పిడి దగ్గర తీసేసిన 10 గ్రాములతో సమానం కాదు.

సేకర్తలు కొత్త కత్తి అందగానే దాన్ని అంచు వైపు నుంచి, ఒక కన్ను మూసి గొట్టంలోంచి చూసినట్టు చూడటం ఇందుకే. మందం తగ్గుదల ఉందా, సమంగా తగ్గిందా, ఎక్కడైనా ఒక్కసారిగా పడిందా అని చూస్తారు. తర్వాత పిడిని వదులుగా పట్టుకుని అరచేత్తో చివర తడతారు. అలుగు వణుకుతుంది, ఒక చోట మాత్రం వణుకు ఉండదు. ఆ నిశ్చల స్థానం ఎక్కడుందో చూస్తే కత్తి నరకడానికి ఎక్కడ బాగా పనిచేస్తుందో అంచనా దొరుకుతుంది. రెండో నిశ్చల స్థానం పిడి పట్టే చోట పడితే దెబ్బ చేతికి జలదరించదు. ఒక కత్తి ప్రాణంతో ఉన్నట్టు అనిపిస్తుందని అనుభవం ఉన్నవాళ్ళు అనేది ఈ కొలతలన్నీ కుదిరినప్పుడే.

రింగు దగ్గర దొరికిపోయే తప్పు

ఇప్పుడు రింగు దగ్గరికి వద్దాం. పిడి చివర ముద్ద ఉండటానికి ఒక ముఖ్య కారణం తూకం. అలుగు ముందుకు లాగే బరువును అది వెనక్కి లాగుతుంది. 5 సెం.మీ. వ్యాసం, 1.5 సెం.మీ. మందం ఉన్న ఉక్కు బిళ్ళ దాదాపు 230 గ్రాములు ఉంటుంది. 8 మి.మీ. కడ్డీని వంచి 6 సెం.మీ. రింగు చేస్తే, చూపుకు బిళ్ళకంటే పెద్దగా కనిపించినా బరువు 65 గ్రాములకు మించదు. పైన లెక్క వేసిన అలుగుకే మామూలు పిడి తగిలించి, బిళ్ళ తీసి రింగు పెడితే తూకం కుదిరే చోటు 5 సెం.మీ. పైగా మొన వైపు జరిగిపోతుంది.

బిళ్ళ ఉన్న కత్తిలో తయారీదారు అలుగును మందంగా వదిలేసినా, వెనక బిళ్ళ బరువు పెంచి తూకం సరిచేసినట్టు చూపించవచ్చు. పట్టుకోగానే బాగానే ఉందనిపిస్తుంది. ఊపితే తెలుస్తుంది, రెండు చివరలా బరువున్న కావడి లాగా అది కదలడానికీ మొరాయిస్తుంది, ఆగడానికీ మొరాయిస్తుంది. రింగులో దాచుకోవడానికి అంత ఇనుము పట్టదు. కాబట్టి అలుగే సరిగ్గా పల్చబడాలి. అలుగు చేయడం రానివాడు రింగు కత్తి చేస్తే అది ముక్కు బరువుగా ఇనుప గడ్డపారలా తయారవుతుంది. కొందరు ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి రింగును లావుగా పోత పోస్తారు. అప్పుడు తూకం కొంత మెరుగుపడుతుంది గానీ ఆ సన్నటి, తేలికైన ఆకారం పోతుంది.

రెండో పరీక్ష ఇంకా కఠినం. మామూలు కత్తిలో పిడి లోపలి కాడ బయటికి కనిపించదు. సన్నటి కడ్డీని అలుగుకు వెల్డింగ్ చేసి, చివర మరచుట్లు కోసి, నట్టు బిగించి, పైన మూత పెట్టిన కత్తులు మార్కెట్లో కొల్లలు. గట్టిగా కొడితే వెల్డింగ్ దగ్గర విరిగి అలుగు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. రింగు పిడిలో కాడ చివరి భాగం అందరి కళ్ళ ముందే ఖాళీలోంచి వెళ్తుంది. అది పలకలుగా ఉందా గుండ్రంగా ఉందా, రింగు మధ్యగా పోతుందా పక్కకు ఒరిగిందా, అవతల కొనను నిజంగా సుత్తితో కొట్టి బిగించారా, అన్నీ బయటపడతాయి. మంచి నకలులో ఆ చిన్న ఖాళీ చుట్టూ ఆకురాయి గీతలు కూడా పొందికగా ఉంటాయి. ఫొటోల్లో సేకర్తలు ముందుగా ఆ చోటును పెద్దది చేసి చూడటంలో వింత ఏమీ లేదు.

అతిగా నునుపు చేయడం కూడా లోపమే. అసలు కత్తుల్లో రింగు కచ్చితమైన వృత్తం కాదు, అడ్డకమ్మి రెండు కొసలు అచ్చు గుద్దినట్టు ఉండవు. కంప్యూటర్‌తో నడిచే యంత్రం ఈ తేడాలన్నీ చెరిపేస్తుంది. స్వీడన్‌కు చెందిన కత్తుల కమ్మరి పీటర్ జాన్సన్ లాంటివాళ్ళు మ్యూజియంలలో అసలు కత్తులను చోటు చోటునా కొలిచి, ఆ లెక్కలతో అమెరికాలోని ఆల్బియన్ కంపెనీకి నమూనాలు తయారు చేశాక, నకలు అంటే అసలు కొలతలు తెలిసి చేసేది అన్న అభిప్రాయం సేకర్తల్లో బలపడింది. ఈ మార్పు చాలా మేలు చేసింది. ఫొటో చూసి చేసిన కత్తికీ కొలిచి చేసిన కత్తికీ తేడా అడిగే కొనుగోలుదారు తయారయ్యాడు.

ఉక్కు మాత్రం ఒకటి కాదు

ఎంత గొప్ప నకలైనా ఒక విషయంలో అసలుతో పోలిక ఉండదు, అది లోహం. ఆనాటి యూరప్ ఉక్కు ఎక్కువగా చిన్న కొలిమిలో ఖనిజాన్ని కరగనివ్వకుండానే ఇనుముగా మార్చి, మలినాన్ని సుత్తి దెబ్బలతో బయటికి వెళ్ళగొట్టి తయారు చేసినది. ఎంత కొట్టినా లోపల మలినపు చారలు మిగిలేవి. ఒకే అలుగులో ఒక చోట గట్టిగా, ఇంకో చోట మెత్తగా ఉండేది. ఇప్పటి నకళ్ళకు వాడే 5160, 6150 లాంటివి వాహనాల స్ప్రింగుల కోసం తయారైన మిశ్రమ ఉక్కులు. మొదటి నుంచి చివరి వరకు ఒకే గుణం ఉంటుంది, వంచి వదిలితే తిరిగి నిటారుగా వస్తాయి. పాత అలుగు వంగితే వంగినట్టే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

మలినం లేని ఉక్కు అన్నప్పుడు తెలుగు నేల ప్రస్తావన రాక తప్పదు. మూసిన మూసల్లో ఇనుమును కర్బనంతో కలిపి పూర్తిగా కరిగించే పద్ధతి దక్షిణ భారతంలో ఉండేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరున్న ఊరు, పర్షియా వర్తకులు దాని కోసం అక్కడిదాకా వచ్చేవారు. ఆ ఉక్కును ప్రపంచం పిలిచే వూట్జ్ అన్న పేరు మన ‘ఉక్కు’ అన్న మాట నుంచే పుట్టిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే అభిప్రాయం. గాలోగ్లాస్ కత్తులకు ఈ ఉక్కు వెళ్ళిందనడానికి ఆధారం లేదు. పోలిక కోసమే చెప్పుకోవాలి. కోనసముద్రం కమ్మరి పూర్తిగా కరిగించి సాధించిన శుభ్రతను యూరప్ కమ్మరి మడిచి, కొట్టి, అతికించి సాధించడానికి ప్రయత్నించాడు.

ఐరిష్ కత్తుల అలుగుల్లో చాలా భాగం ఐర్లాండ్ బయటి నుంచి దిగుమతి అయి, పిడి మాత్రం స్థానికంగా అమర్చి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ దీవిలో ఇది కొత్త అలవాటు కూడా కాదు. 1928లో వెస్ట్‌మీత్ కౌంటీ బాలిండెరీలో దొరికిన 9వ శతాబ్దపు వైకింగ్ కాలం కత్తి అలుగు మీద ఉల్ఫ్‌బర్ట్ అన్న పేరు ఉంది. యూరప్ ఖండంలో తయారై చాలా దేశాలకు చేరిన అలుగుల ముద్ర అది. అంటే ఐరిష్ కత్తిని ఐరిష్ చేసేది ప్రధానంగా పిడి. నకలులో రింగుకూ అడ్డకమ్మికీ అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదీ ఒక కారణం.

మార్కెట్, మోసం, చట్టం

నకలు కత్తుల వ్యాపారంలో భారతదేశం చిన్న ఆటగాడు కాదు. 1943లో దెహ్రాదూన్‌లో మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ గూర్ఖా ఖుక్రీల నుంచి యూరప్ చారిత్రక కత్తుల దాకా తయారు చేసి విదేశాలకు పంపుతోంది. యంత్రం మీద వందల్లో చేసే కత్తికీ, ఒక్కో అలుగునూ చేత్తో అరగదీసి తూకం చూసుకుంటూ చేసే కత్తికీ ధరలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం ఉక్కు ఖరీదు కాదు. మందం తగ్గించడానికి పట్టే గంటల కూలి అది.

నకలు బాగున్నకొద్దీ ఒక ప్రమాదమూ పెరుగుతుంది. 19వ శతాబ్దం చివర్లో మ్యూనిక్‌లో ఎర్నెస్ట్ ష్మిట్ కార్ఖానా పాత కవచాలకు, ఆయుధాలకు చాలా మంచి నకళ్ళు చేసి, నకళ్ళుగానే అమ్మింది. కాలం గడిచి, చేతులు మారాక వాటిలో కొన్ని అసలువిగా చలామణి అయ్యాయి. ఈరోజు చేసిన రింగు కత్తిని ఉప్పునీళ్ళలో, ఆమ్లంలో తుప్పు పట్టించి నదిలో దొరికిందని చెప్పేవాళ్ళూ రావచ్చు. అందుకే బాధ్యత తెలిసిన తయారీదారులు కాడ మీదో, పిడి దగ్గరో చెరగని గుర్తు వేస్తారు. రింగు ఖాళీలో కనిపించే కాడ ఆ గుర్తుకు సరైన చోటు. కత్తి విప్పకుండానే చదవవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా ఇలాంటిది తెప్పించుకోవాలనుకుంటే 1959 ఆయుధాల చట్టం గుర్తుంచుకోవాలి. అందులో తుపాకులే కాదు, కత్తులూ ఆయుధాలే. ఆయుధాల దిగుమతికి లైసెన్సు అడుగుతుంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటి పదునైన ఆయుధాలు ఉంచుకోవడానికి కూడా లైసెన్సు కావాలి. మొద్దు అంచున్న అలంకార వస్తువా, ఆయుధమా అన్నది కస్టమ్స్ దగ్గర తేలే టెన్షన్‌గా మిగలకుండా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

నకలు పట్టుకుంటే తెలిసేది

యూరప్‌లో ఇప్పటికి తెలిసిన అతి పాత కత్తిసాము గ్రంథం 14వ శతాబ్దం మొదటి దశకాలది. జర్మన్ ప్రాంతంలో పుట్టిన ఆ రాతప్రతి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. తర్వాత జర్మన్, ఇటాలియన్ గురువులు చాలా రాశారు. గాలోగ్లాస్‌లు కత్తి ఎలా తిప్పారో చెప్పే అలాంటి ఐరిష్ గ్రంథం మాత్రం లేదు. శిల్పాలు నిలబడ్డ మనిషిని చూపిస్తాయి, కదలికను చూపించవు. మ్యూజియంలో ఉన్న అసలు కత్తిని ఊపి చూడటానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

కొలతలు సరిగ్గా ఉన్న నకలు విలువ ఇక్కడ తెలుస్తుంది. తూకం ముందుకు ఉన్న ఈ కత్తి నరుకుడుకు అనుకూలమా, రింగు మణికట్టుకు అడ్డం వస్తుందా, రెండో చేత్తో రింగును పట్టుకోవచ్చా, విసనకర్ర కొసల అడ్డకమ్మి ఎదుటి అలుగును ఎంత ఆపగలదు, ఇవన్నీ చేత్తో పరీక్షించగల ప్రశ్నలు. అయితే జవాబులన్నిటికీ ఒకే విలువ లేదు. కదలికకు సంబంధించిన జవాబును నమ్మవచ్చు, ఎందుకంటే అది బరువు ఎక్కడుందన్న దాన్ని బట్టి వస్తుంది, దాన్ని నకలు సరిగ్గా పట్టుకోగలదు. దెబ్బకు అంచు ఎంత విరిగింది, అలుగు ఎంత వంగింది అన్న జవాబు మాత్రం స్ప్రింగు ఉక్కుది, గాలోగ్లాస్ కత్తిది కాదు. పట్టు విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. కర్ర మీద దారం చుట్టి తోలు తొడిగిన పిడి యూరప్ పద్ధతిలో నమ్మదగినదే అయినా, నది మింగేసిన ఆ ఐరిష్ పిడి మందం ఎంతో ఏ నకలూ కచ్చితంగా చెప్పలేదు.